నేను తెప్పించిన బొగ్గు

పాండేసర పారిశ్రామికవాడలోని ఒక డైయింగ్ మిల్లులో నేను కొనుగోళ్ల పని చూస్తాను. మా బాపు అదే మిల్లులో బాయిలర్ ఆపరేటర్. బట్టకు రంగు పట్టాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి బొగ్గు కావాలి. ఏళ్లుగా ఆ బొగ్గు ఇండోనేషియా నుంచి ఓడల్లో వచ్చేది. ఒకసారి ఉన్నట్టుండి ఆ దేశం ఎగుమతులు ఆపేసింది. మా యార్డులో పది రోజులకు సరిపడా కుప్ప మాత్రమే మిగిలింది.

మిల్లు యజమాని సేఠు నన్ను పిలిచాడు. "ఏ దేశానిదైనా సరే, బొగ్గు చూడు. మిల్లు ఆగకూడదు," అన్నాడు హిందీలో.

మిల్లు ఆగితే ముందు ఇంటికి పోయేది కూలీలు. ఆ భయంతోనే మూడు రోజులు మెయిళ్లు రాశాను, ఫోన్లు చేశాను. రష్యా నుంచి ఓడ రావడానికి నెలన్నర పడుతుందన్నారు. ఆస్ట్రేలియా వాళ్లు మాలాంటి చిన్న కొనుగోలుదారుకు బదులే ఇవ్వలేదు. చివరికి దక్షిణాఫ్రికా బొగ్గు ఒక వ్యాపారి దగ్గర రేవులోనే దిగి ఉందని తెలిసింది. పరీక్ష కాగితంలో వేడి బాగా ఎక్కువని ఉంది. ఎక్కువైతే మంచిదే కదా అనుకుని సేఠు చేత సంతకం పెట్టించాను.

ఆ సాయంత్రం బాపుకు చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మన బాయిలర్ మెత్తటి బొగ్గుకు అలవాటు పడ్డది బిడ్డా. గిది జర కోపం బొగ్గు. ముందుగాల ఒక సంచి తెప్పిస్తే ఏమైతుండె?"

"టైం లేదు బాపూ."

"టైం లేదంటే అగ్గి ఇంటదా?"

అప్పుడు పట్టుకుంది నాకు భయం. మర్నాడు సేఠు దగ్గరికి వెళ్లి, కొంచెం కాల్చి చూద్దామన్నాను. "మీ నాన్నకు తెలియని బొగ్గా!" అని నవ్వాడు. నేను మళ్లీ అడగకుండా నా సీటుకు వచ్చేశాను.

కొత్త బొగ్గు వేసిన రోజు పొద్దున పదకొండింటికి బాయిలర్ మీద, ఒత్తిడి మించితే ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్ లేచింది. ఆ అరుపుకు మేడ మీద మా ఆఫీసు అద్దాలు వణికాయి. మెట్లు దిగేసరికి కూలీలంతా గేటు వైపు పరుగెడుతున్నారు. షెడ్డు నిండా తెల్లటి ఆవిరి. బొగ్గు పోసే ఇద్దరూ బయటికి వచ్చేశారు. బాపు రాలేదు.

"మా బాపు ఏడి?"

"లోపలే ఉన్నడు. నీళ్లు చూస్తున్నడు," అన్నాడు వాళ్లలో ఒకడు.

ఆవిరి అలా పోతుంటే బాయిలర్‌లో నీళ్లు దిగిపోతాయి. మరీ దిగిపోతే బాయిలర్ పేలుతుంది. నీళ్లు చూసే మనిషి అక్కడినుంచి కదలకూడదు. చిన్నప్పుడు బాపు చెప్పిన మాటే. నేను షెడ్డు తలుపు దగ్గరే ఆగిపోయాను. నేను ఏరి తెచ్చిన బొగ్గు ముందు మా నాన్న ఒక్కడే ఉన్నాడన్నది తప్ప మరో ఆలోచన లేదు. లోపలికి ఒక్క అడుగు వేయలేదన్న సిగ్గు ఇప్పటికీ ఉంది.

అదంతా ఐదు నిమిషాలేనని తరువాత ఎవరో అన్నారు. చప్పుడు తగ్గాక బాపు దగ్గుతూ బయటికి వచ్చాడు. కనుబొమ్మలు కమిలిపోయాయి. కొలిమిలోంచి మండే బొగ్గు బయటికి లాగుతుంటే ముంజేయి బొబ్బలెక్కింది.

"తప్పు నాదే బాపూ," అన్నాను.

"ముందు నీళ్లియ్యి." తాగి అన్నాడు: "బొగ్గు మంచిదే. నేనే పాత లెక్కన ఏసిన. మిగిలిన పాతది కలిపి, తక్కువ తక్కువ ఏస్తే నడుస్తది."

నడిచింది. మిల్లు ఆగలేదు, ఎవరి పనీ పోలేదు. కొన్నాళ్లకు ఇండోనేషియా ఓడలు మళ్లీ వచ్చాయి. అయినా ఇంకో రెండు దేశాల సరుకు చూసి ఉంచమన్నాడు సేఠు. ఇప్పుడు ముందు సంచి తెప్పించి, బాపు కాల్చి చూసి సరేనంటేనే కాగితం సేఠు సంతకానికి పంపుతాను.

కొత్త సరుకు వెలిగించే రోజు మాత్రం ఆఫీసులో కూర్చోలేను. షెడ్డు తలుపు దగ్గర నిలబడతాను.

"గీడ నీకేం పని? పైకి పో," అంటాడు బాపు.

పోను.