హాస్టల్ వరండాలో హాజరు

1962 వానాకాలంలో నన్ను పబ్లిక్ వర్క్స్ శాఖ నల్గొండ సెక్షన్‌లో ఓవర్సీర్‌గా వేశారు. ఓవర్సీర్ అంటే ఇంజనీర్లకు కింద, మేస్త్రీలకు పైన ఉండి కొలతలు సరిచూసేవాడు. మొదటి పని కాలేజీ హాస్టల్‌కు ఒక వరండా, ఐదు మెట్లు.

అప్పటికి నేను ప్రొబేషన్‌లో ఉన్నాను; అది మచ్చ లేకుండా గడిస్తేనే ఉద్యోగం ఖాయం. చిన్నప్పటి జబ్బు వల్ల నా ఎడమ కాలు ముప్పావు అంగుళం పొట్టి. బూటు లోపల మూడు పొరల తోలు కుట్టించుకుని సమంగా నడిచేవాణ్ని. చేరేటప్పుడు డాక్టరు ఎత్తు, ఛాతీ, చూపు పరీక్షించాడు, నడవమనలేదు. ఎవరైనా నా కాలి సంగతి పైకి రాస్తే ఇంటికి పంపుతారని భయం.

హాస్టల్‌లో నర్సింహ అనే బి.ఏ. విద్యార్థి ఉండేవాడు. అచ్చంపేట దిక్కు గొర్లకాపరుల బిడ్డ, చూపు లేదు. కట్టిన మెట్లు ఎక్కి దిగి, మూడోది ఎత్తున్నదన్నాడు. టేపు పెట్టి చూస్తే అర అంగుళం ఎక్కువే. దాన్ని తీయించి మళ్లీ కట్టించాను. మర్నాడు నన్ను పక్కకు పిలిచాడు.

"మీ ఎడమ బూటు సప్పుడు కుడిదాని లెక్క లేదు సారూ. మా రిజిస్టర్ల మీ పేరు ఎక్కిస్తున్న."

ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

"ఒకరి సంగతి ఇంకొకరు చెప్పుడు మాకాడ లేదు. ఎవలది వాళ్లే చెప్పుకోవాలె."

కాలేజీ వార్షికోత్సవం మర్నాటి సాయంత్రం నర్సింహలా ఒంట్లో ఏదో ఒకటి తక్కువైన హాస్టల్ విద్యార్థులు తమ పండుగ తాము చేసుకునేవారు. పాటల కన్నా ముందు వాళ్ల రిజిస్టరు తీసి హాజరు; పిలిచినవాడు తనకేం తక్కువో తానే చెప్పుకోవాలి. ఆ ఏడు అది కొత్త వరండాలో జరిగింది. మా అసిస్టెంట్ ఇంజనీరుకు కుర్చీ వేశారు. మిగతావాళ్లంతా చాపల మీద. చంకకర్ర పక్కన పెట్టుకుని యాదగిరి అనే నేతపనివాళ్ల అబ్బాయి పేర్లు చదివాడు.

"నర్సింహ!"

"కండ్లు రెండూ లెవ్వు. మీ మొకాలు చూసే బాధ తప్పింది. హాజర్!"

ఒంటి చెయ్యి విద్యార్థి లేచి, "చప్పట్లకు పక్కోని చెయ్యి కిరాయికి తీసుకుంట. హాజర్!" అన్నాడు. యాదగిరి తన పేరు తానే చదువుకుని, "కాలు ఒకటి తక్కువ, నోరు ఒకటి ఎక్కువ. హాజర్!" అన్నాడు. చూడవచ్చిన ఒకడు తననూ రాసుకోమన్నాడు.

"నీకేం తక్కువరా?"

"లెక్కలు."

"గది అందరికీ తక్కువే. కూసో."

నవ్వులు ఆగకముందే తరువాతి పేరు వినిపించింది: "ఓవర్సీరు సారు!"

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. నర్సింహ పక్కన చాప మీద ఒకరికి సరిపడా జాగా వదిలారు. అసిస్టెంట్ ఇంజనీరు నవ్వి, "ఆయనకేం తక్కువయ్యా!" అన్నాడు. నేనూ నవ్వాను. నర్సింహ ముఖం నావైపే తిరిగి ఉంది.

"ఇంకొకసారి పిలువు," అని యాదగిరితో అన్నాడు.

పిలిచాడు. నేను మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. యాదగిరి పేజీ తిప్పాడు.

ఆ తరువాత నర్సింహ గొర్లకాడి పాట ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రం అక్కడ ఎవరూ కాలు ముడుచుకోలేదు, మొండి చేతిని చొక్కాలో దాచుకోలేదు. వాళ్ల మధ్య బూట్లు విప్పి కూర్చోవాలని ఎంతో అనిపించింది. చివరిదాకా నిలబడే ఉన్నాను.

ఉద్యోగం ఖాయమైంది. కల్వకుర్తికి బదిలీ అయింది. అక్కడ ఉన్నన్నాళ్లూ సాయంత్రం బూట్లు విప్పినప్పుడల్లా ఆ చాప మీది జాగా గుర్తొచ్చేది. మూడేళ్లకు సెలవు పెట్టి, సరిగ్గా ఆ పండుగ రోజుకే నల్గొండ వెళ్లాను. నర్సింహ, యాదగిరి చదువు ముగించి వెళ్లిపోయారు. హాజరు మాత్రం జరుగుతోంది. అందరి పేర్లూ అయ్యాక నేనే లేచి, ఎడమ కాలు ముప్పావు అంగుళం పొట్టి, హాజరు అన్నాను.

రిజిస్టరు పట్టుకున్న విద్యార్థి గబుక్కున లేచాడు. "అయ్యో, నిలబడ్డరేంది సారూ! అరేయ్, సారుకు కుర్చీ తెండ్రా!"

కుర్చీలో కూర్చున్నాను. చాప మీద జాగా కావాలంటే పిలిచిన రోజే పలకాలి. ఉద్యోగం ఖాయమయ్యాక చెప్పిన నిజానికి కుర్చీ వేస్తారు. ఆ నల్గొండ పని నాకు నేర్పింది ఇదే.