బొమ్మ లేని గుడ్డ

మబ్బు పట్టగానే మా అత్తగారు కల్లంలో ఆరబోసిన మిరపకాయల వైపు చూశారు. ఆ వెంటనే వసారాలో నేల మీద పరిచి ఉన్న నా గుడ్డ వైపు చూశారు. నా చేతుల్లో మా చిన్నది ఒంటినిండా సబ్బుతో ఉంది. దానికి నీళ్లు పోసి వచ్చేసరికి వసారా ఖాళీ.

కాయల మీద కప్పడానికి ఉన్న పట్టాలు చాల్లేదట. పిల్లలు నిద్రపోయాక కొంచెం కొంచెంగా నెలల తరబడి నేను వేసిన చిత్రం కాయల కుప్ప మీద వానకి తడుస్తోంది. ఆదివారం అది విజయవాడ ప్రదర్శనకి వెళ్లాలి. పెళ్లయ్యాక నాకొచ్చిన మొదటి పిలుపు.

కాలేజీలో మా మాస్టారు ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికా చిత్రకారుల ఫొటోలు చూపించారు. మనిషి లేడు, చెట్టు లేదు, గోడంత గుడ్డ నిండా రంగే. కొందరు పూత పూయని నూలుగుడ్డ మీద పలచటి రంగు పోసేవారు. గుడ్డ దాన్ని తాగేసేది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎండలో కల్లం ముందు నిలబడితే కళ్లనిండా ఎరుపు తప్ప ఇంకేమీ మిగలని ఊళ్లో పెరిగాను నేను.

"అత్తయ్యా, అది నా బొమ్మ."

"బొమ్మెక్కడుందమ్మాయ్ దాంట్లో? ఏ దేవుడో ఉంటే నేను ముట్టుకుంటానా? ఇదిగో, నీ పచ్చి రంగు కాయకంటుకుంది. రంగేసిన కాయంటే మిర్చి యార్డులో ఎవడు కొంటాడు? నీ అమెరికావాళ్లొస్తారా?"

ఏడాది కష్టం పాడవుతుందన్న ఆవిడ భయం నాకు తెలుసు. మరి నాది కష్టం కాదా? దేవుడు ఉంటే చిత్రం, రంగు మాత్రమే ఉంటే పట్టానా?

సాయంత్రం మా ఆయన దాన్ని విప్పి, మరకలు చూసి నవ్వారు. "ఇప్పుడే బాగుంది. మిరపకాయలే బొమ్మేశాయి. ఇదే పంపించెయ్, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," అన్నాను. ఏ రంగు ఎక్కడ ఆగాలో చూసుకుని పోసినదాన్ని నేను. ఆయన నవ్వు ఆపారు. ఈలోగా మా పెద్దాడు వచ్చి, "అమ్మా, పట్టా ఆరిందా?" అన్నాడు. అన్నిటికన్నా ఆ మాటే నాకు గుచ్చుకుంది.

పొద్దున్నే పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. "అది పట్టా కాదు. అమ్మ వేసిన బొమ్మ. పాడైపోయింది, అందుకని ఆదివారం మనం విజయవాడ వెళ్లట్లేదు. ఇవాళ ఇంకోటి మొదలుపెడుతున్నాను. వసారాలో ఎవరూ అడుగు పెట్టకూడదు. నాన్నమ్మకి కూడా మీరే చెప్పండి."