గీత పడని బండి

కుదురుగా కూర్చోలేకపోవడం అంటే ఏమిటో నాకు ఆ నెలలోనే తెలిసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌లో బోర్డు మీద సగం లెక్క వేసి, బయటికి వెళ్లి వచ్చేదాన్ని. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేదాన్ని. ఇంట్లో అమ్మ "కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు" అని విసుక్కునేది.

నా స్నేహితురాలు కొండ మీద నుంచి పడింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఒక గుట్ట దగ్గర ఆదివారాలు రాళ్లెక్కడం మా ఇద్దరి పిచ్చి. ఎక్కేది తను, కింద తాడు పట్టుకునేది నేను. ఆ రోజు నా ఫోన్ మోగింది. ఎవరో చూద్దామని తాడు మీది చెయ్యి తీశాను. సరిగ్గా అప్పుడే తను జారింది. రెండంతస్తుల ఎత్తు. వెన్నెముక దెబ్బతింది. నడుస్తుంది గానీ నెలలు పడుతుందన్నారు డాక్టర్లు.

అంబులెన్స్‌లో తను అడిగింది ఒకటే. "అమ్మకు చెప్పకే. బండి స్కిడ్ అయిందను. అసలు సంగతి తెలిస్తే మళ్ల గుట్టకు పోనియ్యదు."

కదల్లేని మనిషి మళ్లీ గుట్టెక్కే సంగతి మాట్లాడుతోంది! సరేనన్నాను. నిజానికి ఆ అబద్ధం తనకంటే నాకే ఎక్కువ అవసరం.

తాడు సంగతి తెలిసిన స్నేహితులు నలుగురూ "నీ తప్పేం లేదు" అన్నారు. తనూ అదే అంది. వింటుంటే ఒళ్లు మండేది. మరెవరి తప్పు, ఫోన్ చేసినవాళ్లదా?

వాళ్లమ్మ నల్గొండ వైపు మనిషి. ఎల్బీనగర్‌లో ఇంట్లోనే మిషను కుడుతుంది. "నువ్వు గూడ ఎనక కూసున్నవు గద" అంటూ ఉప్పూ మిరపకాయలతో కూతురితో పాటు నాకూ దిష్టి తీసింది. నేను తల వంచుకుని తీయించుకున్నాను. ఛీ అనిపించింది.

పిల్లలకు రీజనింగ్ చెప్పేదాన్ని, ఒక్క విషయం మర్చిపోయాను. స్కిడ్ అయిందన్న తన బండి వాళ్లింటి కింద నిక్షేపంగా ఉంది. మర్నాడు గుట్ట దగ్గర్నుంచి తోలుకొచ్చి అక్కడ పెట్టింది కూడా నేనే.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ఆమె దానికి నిమ్మకాయ, మిరపకాయలు కడుతోంది. చుట్టూ తిరిగి చూసి, "గీ బండికి ఒక్క గీత గూడ పడలేదేంది బిడ్డా?" అంది. అనుమానంతో కాదు, ఆశ్చర్యంతో.

షెడ్డులో బాగు చేయించానని చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"మేం బండి మీద నుంచి పడలేదు ఆంటీ" అన్నాను. గుట్ట, తాడు, ఫోను, అన్నీ చెప్పాను. మెట్ల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని.

ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడింది. తర్వాత అడిగింది.

"తాడు నీ చేతుల ఉండెనా?"

"ఉంది ఆంటీ."

"మరి గట్టిగ పట్టుకోవాలె గద."

ఇన్నాళ్లూ ఎవరూ అనని మాట. ఏడుపు ఆగలేదు నాకు. కానీ అక్కణ్ణుంచి లేచిపోవాలని మాత్రం అనిపించలేదు. ఆమె ఓదార్చలేదు. నిమ్మకాయ బండి సీటు మీద పెట్టి మెట్లెక్కింది. సగంలో ఆగి వెనక్కి చూసింది.

"ఇంకా కూసున్నవేంది? రా. పిల్లను లేపి కూసోబెట్టాలె, నా ఒక్కదానితోని కాదు. ఈసారన్న ఇడువకు."