కుడికాలు మూడు వేళ్ళు పొట్టి

ఆ రోజుల్లో ప్యాంటనేది మనం కొనుక్కునే వస్తువు కాదు, ఎవరో ఒకరు మనకి పెట్టే వస్తువు. పెళ్ళికి వెళ్ళినా, గృహప్రవేశానికి వెళ్ళినా బొట్టు పెట్టి ఓ ప్యాంటు పీసూ, చొక్కా పీసూ చేతిలో పెట్టేవారు. అవి బీరువాలో కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి పడుండి, ఇంకో పెళ్ళిలో ఇంకొకరి చేతికి వెళ్ళిపోయేవి. (మా పెదనాన్నగారు ఎవరికో పెట్టిన పీసు రెండేళ్ళు ఊరంతా తిరిగి మళ్ళీ ఆయనకే వచ్చింది. ఆయన దాన్ని గుర్తుపట్టి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు సంతోషించారు.) నా కథంతా ఆ పీసుతోనే.

డిగ్రీ పూర్తయ్యాక నేను రాజమండ్రిలో దొడ్డమ్మ ఇంట్లో, అంటే మా అమ్మ అక్కగారింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఆరు నెలలు తిరిగితే ఒకే ఒక్క ప్రైవేటు స్కూలు వాళ్ళు, లెక్కల మాస్టారు కావాలి, సోమవారం వచ్చి డెమో క్లాసు చెప్పమన్నారు. అది కూడా పోతే పెట్టె సర్దుకుని మా ఊరు బస్సెక్కడమే. క్లాసు చెప్పడానికి భయం లేదు కానీ, ఉన్న రెండు ప్యాంట్లూ మోకాళ్ళ దగ్గర తెల్లబడిపోయాయి. పెదనాన్నగారు ఊరంతా తిరిగొచ్చిన ఆ సన్నగీతల పీసు తీసిచ్చారు. టైలర్ దగ్గరికి పరిగెడితే, పెళ్ళిళ్ళ సీజనండీ, పదిహేను రోజులు పడుతుందన్నాడు. ఉసూరుమంటూ వెనక్కొచ్చాను.

"నేనుండగా టైలరెందుకురా?" అంది దొడ్డమ్మ. "ఇరవై ఏళ్ళుగా వీధి వీధంతటికీ జాకెట్లు కుడుతున్నాను. జాకెట్టుకి చేతులు రెండు, ప్యాంటుకి కాళ్ళు రెండు. అంతేగా!"

కాదనడానికి నా దగ్గర ఇంకో మంచి ప్యాంటు లేదు. టేపు తీస్తుందేమోనని నిటారుగా నిలబడ్డాను. "ఒంటి మీద కొలతలు నేను తీయన్రా, అందరూ ఊపిరి బిగబడతారు. ఆది ఇయ్యి చాలు" అంది. జాకెట్టు కుట్టించుకునే వాళ్ళు సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదిగా పట్టుకొస్తారు కదా, అలాగన్నమాట. నేను కాలేజీకి వేసుకెళ్ళిన ప్యాంటు తెచ్చిచ్చాను. దాన్ని మంచం మీద పరిచి, మూర వేసి, బెత్తెలు వేసి, కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వంక చూసి, ఏమీ అనకుండా కత్తెర తీసింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. పెసరట్టు ఒకటడిగితే రెండొచ్చేవి. పాలు తెస్తానని లేస్తే పెదనాన్నగారు "నువ్వు నడవకురా, నేను వెళ్తాగా" అని చెప్పులేసుకునేవారు. దొడ్డమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి "కాళ్ళకి రాసుకో నాన్నా" అనేది. కాబోయే మాస్టారినని గౌరవిస్తున్నారు కాబోలనుకుని, నేను కూడా కాస్త గంభీరంగా రాసుకున్నాను.

ఆదివారం పొద్దున్న ప్యాంటు తయారైంది. (జిప్పు వేయడం రాదని దొడ్డమ్మ ముందే ఒప్పుకుని, జాకెట్టు హుక్కులు ఐదు వరసగా కుట్టింది. దాని గురించి మర్యాదస్తులు అడగకూడదు.) వేసుకుని బీరువా అద్దం ముందు నిలబడితే నడుము సరిపోయింది, ఎడమకాలు అద్భుతం. కుడికాలు మాత్రం మూడు వేళ్ళు పైకుంది.

"దొడ్డమ్మా, ఇదేంటి, ఇటు పొట్టయిపోయింది?"

ఆవిడ దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేసింది. కళ్ళనిండా నీళ్ళు. "మా దగ్గర దాచుకోవడం ఎందుకురా? చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డావే, అప్పుడే అనుకున్నాను. నీ ఆది చూడగానే తెలిసిపోయింది. అడిగితే బాధపడతావని ఊరుకున్నాను నాన్నా."

అప్పుడు వెలిగింది నాకు. కాలేజీకి సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. ప్యాంటు కుడికాలి అంచు చైనులో పడి నలిగిపోతోందని, రోజూ పిన్నీసు పెట్టుకోలేక, మూడు వేళ్ళు లోపలికి మడిచి నేనే గట్టిగా కుట్టేసుకున్నాను. ఆ సంగతి నేను మర్చిపోయాను, ఆది మర్చిపోలేదు. నా కాళ్ళు రెండూ సమానమేనని నమ్మించడానికి పెదనాన్నగారి ముందు కుంటాట కూడా ఆడి చూపించాల్సొచ్చింది.

నవ్వులయ్యాక చూసుకుంటే, కిందకి విప్పడానికి కుడికాలి దగ్గర అంగుళం మడత కూడా లేదు. మిగిలిన ముక్కతో దొడ్డమ్మ కూరల సంచీ కుట్టేసింది, ఆ సంచీ పెదనాన్నగారితో బజారుకెళ్ళింది. ఆయన రాగానే దొండకాయలన్నీ నేలమీద గుమ్మరించి, సంచీ విప్పి, మూడు వేళ్ళ పట్టీ తీసి కుడికాలికి అతుకు వేసింది. పొడవు సరిపోయింది. కానీ ప్యాంటు మీద గీతలు నిలువుగా ఉంటే, పట్టీ మీద అడ్డంగా వచ్చాయి. "క్లాసులో కాళ్ళవంక ఎవరు చూస్తార్రా?" అంది దొడ్డమ్మ.

నేను చూశాను. సోమవారం క్లాసులో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ నా దృష్టంతా ఆ పట్టీ మీదే. నిలబడితే కుడికాలు ఎడమకాలి వెనక దాచాను, బోర్డు దగ్గరికి నడిస్తే దాన్ని వెనకాలే ఈడ్చుకుంటూ వెళ్ళాను. చివరి బెంచీలో కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్‌గారు పదినిమిషాలు చూసి, ఓ కుర్చీ తెప్పించి, ఎంతో మెల్లగా "కూర్చుని చెప్పండి మాస్టారూ, ఫర్వాలేదు" అన్నారు. కూర్చుంటే కాళ్ళు బల్ల కిందకి పోయాయి, ప్రాణం లేచొచ్చింది, లెక్క బ్రహ్మాండంగా చెప్పాను. ఉద్యోగం ఇచ్చేశారు. "మీకు మెట్లెక్కే పని లేకుండా కింది క్లాసులే వేశామండి" అని కూడా అన్నారు. అసలు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ ఉద్యోగం వచ్చి ఇంకా రెండు నిమిషాలు కూడా కాలేదు. ఏడాదిపాటు ఆవిడ కనిపించినప్పుడల్లా గుర్తుపెట్టుకుని కుంటుతూ నడిచాను. (ఒకట్రెండుసార్లు తొందరలో ఎడమకాలితో కుంటిన రోజులూ ఉన్నాయి.)

ఇప్పుడు ప్యాంట్లన్నీ రెడీమేడే. కొట్లో కుర్రాడు వంగి, రెండు కాళ్ళకీ ఒకటే కొలత వేసుకుని వెళ్ళిపోతాడు. కిందటేడు నుంచి నాకు కుడి మోకాలు నిజంగానే నొప్పి. మెట్ల దగ్గర కాస్త ఈడుస్తున్నాను, ఇంట్లో ఇంకా ఎవరూ గమనించినట్టు లేదు. దొడ్డమ్మ ఉండుంటే నా పాత ప్యాంటు ఒకటి మంచం మీద పరిచి చూసి, ఒక్క మాట కూడా అడక్కుండా, నువ్వుల నూనె పొయ్యి మీద పెట్టేది.