హార్లో పంతొమ్మిది, డెంట్ ఇరవై మూడు

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో హార్లో హైస్కూల్లో అబ్బాయిలకు నాలుగు జట్లుండేవి, అమ్మాయిలకు ఒక క్లబ్బు. జట్టుకు ప్రత్యర్థి ఉంటుంది. క్లబ్బుకు పాయింట్ల పట్టిక ఉంటుంది. మైలు నడిస్తే రెండు పాయింట్లు, బంతులు తుడిచి సర్దితే ఒకటి, వారమంతా నిటారుగా కూర్చున్నా ఒకటి. నాలుగేళ్ళలో వెయ్యి పోగుచేసిన పిల్లకు స్వెటర్ మీద కుట్టుకోవడానికి స్కూలు పేరులోని మొదటి అక్షరం బట్టతో చేసి ఇస్తారు.

చివరి ఏడాది ఏప్రిల్ నాటికి విల్మా స్కోగ్లండ్‌కు ఇరవై పాయింట్లే తక్కువ. పాడి రైతు కూతురు, పాల క్యాన్లెత్తిన చేతులు, అయిదడుగుల పదంగుళాల మనిషి. ఆ అక్షరం కోసం అమెరికాలోని మినెసోటా చలిలో ఆమె నడిచిన మైళ్ళకు లెక్కలేదు. కానీ బాస్కెట్‌బాల్లో మరో స్కూలుతో ఒక్క ఆటైనా ఆడింది లేదు.

ఏడాదికోసారి నాలుగు స్కూళ్ళ అమ్మాయిలు ఒకచోట చేరి ఆడుకునే రోజు ఒకటుండేది. ఆరోజు కూడా స్కూలుతో స్కూలు ఆడేది కాదు. గుమ్మం దగ్గర బుట్టలోంచి తలా ఒక రంగు రిబ్బను తీసుకోవాలి. ఒకే రంగు వచ్చినవాళ్ళంతా ఒక జట్టు. అందరూ కలగలిసిపోతారు కనుక ఏ ఊరూ గెలవదు, ఏ ఊరూ ఓడదు. పోటీ పడితే ఆడపిల్లల నరాలు దెబ్బతింటాయని పెద్దల భయం. చివర్లో నిమ్మరసం, కుకీలు.

ఆ ఏడు ఆటలు హార్లోలోనే. బట్టలు మార్చుకునే గదిలో పక్క ఊరు డెంట్ స్కూలు పిల్ల రొసాలీ క్వింట్ విల్మా పక్కన కూర్చుని బూటు తాళ్ళు కట్టుకుంటోంది.

"నీ రంగేంటి?" అంది రొసాలీ.

"పచ్చ. నీది?"

"నీలం. మావాళ్ళు తలో రంగులో చెల్లాచెదురైపోయారు."

"మంచిదేలే. అందరూ కలిసి మా మీదికొస్తే ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళేవాళ్ళు."

"అబ్బో! రిబ్బన్లు మార్చు చూద్దాం, ఎవరేడుస్తారో."

పది నిమిషాల్లో హార్లో పిల్లలందరి చేతికీ ఎర్ర రిబ్బన్లు, డెంట్ వాళ్ళందరికీ నీలం. స్కోరు రాసే బల్ల దగ్గర విల్మా స్నేహితురాలు బెర్నడీన్ రంగులు కొట్టేసి ఊళ్ళ పేర్లు రాసింది. అక్కణ్ణుంచే విల్మా మీద అరుపులు కూడా మొదలెట్టింది.

"ఒసేయ్ టెలిఫోన్ స్తంభం, చేతులెత్తవే! అవి అలంకారానికా?"

క్లబ్బు చూసే టీచరు మిస్ పర్సెల్‌కు సగం ఆటలో సంగతి అర్థమైంది. ఈల నోటిదాకా తీసుకెళ్ళింది, ఎందుకో ఊదలేదు. ఆట పూర్తయ్యేసరికి డెంట్ ఇరవై మూడు, హార్లో పంతొమ్మిది. చివరి నిమిషంలో విల్మా వేసిన రెండు ఫ్రీత్రోలూ రింగుకు తగిలి బయటపడ్డాయి.

సోమవారం ప్రిన్సిపాల్ టాలివర్ విల్మాను పిలిపించాడు. స్నేహభావాన్ని చెడగొట్టినందుకు చింతిస్తున్నామంటూ టైపు చేసిన క్షమాపణ పత్రం బల్ల మీదుంది. కింద బెర్నడీన్ సంతకం అప్పటికే ఉంది.

"సంతకం పెట్టమ్మా. వచ్చే నెల సభలో నీ అక్షరం నువ్వు తీసుకో."

"పెడతాను సార్. ఆ స్కోరు స్కూలు రికార్డులో రాస్తారా?"

"ఏ స్కోరు?"

"డెంట్ ఇరవై మూడు, మేం పంతొమ్మిది."

టాలివర్ కళ్ళజోడు తీశాడు. "ఓడిపోయారు కదే పిల్లా! రాయించుకుని ఏం చేస్తావు?"

"ఆడితేనే కదండీ ఓడిపోయేది. మేం ఆడామని రాయండి."

"అది ఆట కాదు. క్రమశిక్షణ తప్పడం."

"అయితే సంతకం పెట్టను."

బయట గోడకానుకుని ఉన్న బెర్నడీన్ తలెత్తలేదు. "మా అమ్మ చంపేస్తుందే. పెట్టేశాను."

"నాలుగేళ్ళు నడిచావు, తీసుకో. నాకు మాత్రం ఇంక నడవాలని లేదు."

మే నెల సభలో పదకొండు మంది అక్షరాలు తీసుకున్నారు. విల్మా కింద బల్ల మీద కూర్చుని బెర్నడీన్ వంతు రాగానే ఈల వేసింది, నిటారుగా మాత్రం కూర్చోలేదు.

తర్వాత పెళ్ళి, ఇద్దరు కొడుకులు, స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగం. ఆడపిల్లలకూ జట్లుండాలని చట్టం మారి హార్లోకు అమ్మాయిల జట్టు వచ్చాక, డెబ్భై నాలుగులో ఒక శనివారం ఆ జట్టును డెంట్‌కు తీసుకెళ్ళింది విల్మానే. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో బస్సంతా ముక్కులు చీదుకునే చప్పుడే. డెంట్ యాభై రెండు, హార్లో పదకొండు.

"పత్రికకు స్కోరు చెప్పడానికి ఫోన్ చేస్తున్నావా?" వెనక్కి చూడకుండానే కోచ్‌నడిగింది విల్మా.

కోచ్ పాతికేళ్ళు దాటని పిల్ల. "ఇంత ఘోరంగా ఓడాక ఎందుకండీ? పరువు పోతుంది."

విల్మా హార్లో మెయిన్ వీధిలో పత్రికాఫీసు ముందు బ్రేకు వేసింది. "వద్దండీ, ప్లీజ్!" అని వెనకనుంచి పిల్లలు గోల పెట్టారు. ఆమె దిగి నేరుగా లోపలికెళ్ళింది.

గుమాస్తా స్కోరు విని మొహం చిట్లించాడు. "మరీ నలభై ఒకటి తేడా. వేస్తే పిల్లలు బాధపడరూ?"

"పోయిన వారం అబ్బాయిలు అంతకన్నా ఘోరంగా ఓడితే ఫొటోతో వేశారు. వాళ్ళు బాధపడలేదా?"

గుమాస్తా పెన్సిలందుకున్నాడు. విల్మా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"స్కోరొక్కటే కాదు, పేర్లూ రాసుకోండి. పన్నెండు మంది. నేను చెబుతాను, నెమ్మదిగానే రాయండి."