తడి షెడ్డులో ముద్ద కట్టిన శేఖరన్న మందు

నిన్న పొద్దున తడ ఊర్లో వ్యాన్‌కి లోడ్ ఎక్కిస్తుంటే వదిన ఫోన్ చేసింది.

"మీయన్న పోయినాడబ్బా" అంది. ఇంక ఏడుపే.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు.

శేఖరన్న మా పెద్దమ్మ కొడుకు. నగరిలో పవర్‌లూమ్ షెడ్డులో పని. నూలు దుమ్ముకి ఊపిరితిత్తులు పాడయ్యాయి.

తిరుపతి డాక్టర్ పొడి మందు క్యాప్సూల్స్ రాశాడు. చిన్న మిషన్‌లో వేసి గట్టిగా పీల్చాలి.

మొదటిరోజు అన్న పీల్చకుండా ఊదాడు. పొడంతా నా మొహం మీదే.

"నీకే పౌడర్ కొట్టినా, పెండ్లిచూపులకి పోరా" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

షెడ్డులో నూలు తెగకూడదని నేల మీద ఎప్పుడూ నీళ్లు చల్లుతారు. కిటికీలు తెరవరు. లోపలంతా చెమ్మ.

అన్న ప్యాకింగ్ రేకు చించి ఒక్కో క్యాప్సూల్ తీసుకుంటుంటే ఓనర్‌కి ఒళ్లు మండేది.

"రేకు చించేదాకా మగ్గం ఎవుడు సూస్తాడప్పా? అన్నీ ఒలిచి డబ్బాలో ఏసుకో."

ఒలిపించాడు. మగ్గం పక్కనే పెట్టించాడు.

పోయిన వారం డాక్టర్ ఒక క్యాప్సూల్ విప్పి చూశాడు. పొడి రాలలేదు. బాగా సన్నగా ఉంటేనే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. చెమ్మ తగిలితే రేణువులు అతుక్కుని ముద్దవుతాయట. గొంతు దగ్గరే ఆగిపోతుందట.

కొత్త మందు రేకులోనే ఉంచుకుంటానని అన్న అడిగాడు. నేను పక్కనే ఉన్నాను.

"నీ బదులు డాక్టర్ వచ్చి నేస్తాడా?" అన్నాడు ఓనర్. అవి కూడా ఒలిపించాడు.

నిన్న మగ్గం దగ్గరే ఆయాసం వచ్చింది. ఒకటి పీల్చాడంట. ఇంకోటి పీల్చాడంట. ఏదీ లోపలికి పోలేదు.

ఈ రోజు ఓనర్ పెద్ద మాల పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆపేశాను. అన్న డబ్బాలోంచి ఒకటి మిషన్‌లో వేసి అందరి ముందు చాపాను.

"పీల్చు సార్. పొడి లోపలికి పోతే మాల ఏద్దువులే."

"సావింట్లో ఏంది అబ్బా ఇది" అన్నాడు.

"సావు తెచ్చింది నువ్వే కదా."

మాలతోనే వెనక్కి పోయాడు.

డబ్బా నా దగ్గరే ఉంది సార్. రేపు లేబర్ ఆఫీసులో పెడతాను. నీ షెడ్డుకి తాళం పడేదాకా వదలను. ఈ పోస్ట్ నీకు చూపించేవాళ్లు చూపిస్తారు.

అన్నా, నీకు ఇంక ఆయాసం లేదు. సల్లంగా పండుకో.

వాని నిద్ర సంగతి నేను సూసుకుంటా.