మొదట తిరిగొచ్చిన తప్పు

మా ముత్తాత సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి మగ్గాల షెడ్డు పెట్టిన మొదటివాళ్లలో ఒకడు. ఆయన కొడుకు, అంటే మా తాతయ్య, దాని పక్కనే రెండో షెడ్డు లేపాడు. వీధిలో తగవు వస్తే పంచాయితీ మా గుమ్మం ముందే జరిగేది. పెళ్లి పత్రిక మొదట మా ఇంటికే వచ్చేది. నా చిన్నప్పటికి అవేవీ లేవు. మిగిలింది ఒక పాత పికప్ బండి. సూరత్ శివారు ఊరు సచిన్‌లోని మిల్లుకు బట్ట తాన్లు చేరవేస్తూ తాతయ్య దానితోనే ఇల్లు నడిపేవాడు. అది నిలిచిపోతే ఆయన వేరొకరి షెడ్డులో కూలికి నిలబడాలి. మా వంశంలో ఆ పని ఎవరూ చేయలేదు.

ఒకరోజు బండి దారిలోనే మొరాయించింది. ఎలాగో ఇంటికి చేర్చినా ఇంజిన్ గుర్తున్న పసుపు దీపం ఆరడం లేదు. ఇంకోసారి సరుకు ఆలస్యమైతే వేరే బండి చూసుకుంటామని మిల్లువాళ్లు చెప్పేశారు. తాతయ్య నన్ను పిలిచాడు. బాగుచేద్దాం రమ్మంటాడనుకున్నాను. పక్కింటి అక్కను పిలుచుకు రమ్మన్నాడు.

అక్క వాళ్ల నాన్న ఒకప్పుడు మా మగ్గాల మీద పనిచేసినవాడు. అక్క ఐటీఐలో మోటారు బండ్ల పని నేర్చుకుంటోంది. స్టీరింగు కింద గుచ్చితే బండిలోని తప్పులను ఫోనులో చూపించే చిన్న పరికరం ఆమె దగ్గరుండేది. గుచ్చగానే నాలుగు కోడ్లు వరుసకట్టాయి, ఒక్కొక్కటి ఒక్కో పార్టు మీద నేరం మోపుతూ.

"గిన్ని తప్పులా? గిది బండా, కోర్టు కేసా?" అన్నాడు తాతయ్య.

"నాలుగు పార్టులు మారిస్తే కేసు ఖతం తాతా," అని అక్క నవ్వి, నా వైపు తిరిగింది. "ఛోటే సేఠ్, జర పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డమొస్తున్నవ్."

తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "మగ్గం మీద నాలుగు జాగల పోగులు తెగితే అన్నిటినీ తిట్టొద్దు బిడ్డా. అన్నీ అతికి మల్ల నడిపియ్యాలె. మొదలు ఏడ తెగుతదో ఆడ చూడాలె. గవన్నీ తుడిచెయ్."

అక్క ఒక్క క్షణం ఆలోచించి కోడ్లన్నీ చెరిపేసింది. "శెబాష్, నా పులి!" అంటూ తాతయ్య ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఆ సీటు నాది. నేను వెనక, మిల్లుకు చేర్చాల్సిన తాన్ల మధ్య కూర్చున్నాను.

సచిన్ రోడ్డు పొడవునా ఆమె మీద నాకున్న ఫిర్యాదులు ఏరుకుంటూ పోయాను. వాళ్లింటి కొత్త బైకు, మా కళ్లముందే లేచిన వాళ్ల మేడ, ఆ నవ్వు, చిన్న షావుకారూ అన్నట్టు ఛోటే సేఠ్ అన్న ఎగతాళి. నష్టం మాదేనని తెలిసి కూడా, ఆమె చేతిలో బండి బాగుపడకూడదనుకున్నాను.

కాసేపటికి దీపం వెలిగింది. ఒక్క కోడే తిరిగొచ్చింది, కరెంటు చాలడం లేదని. తాతయ్య బండి ఆపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ నుంచి బండి ఒంటికి దిగే తీగను కదిపి చూశాడు. బిగింపు దగ్గర తుప్పు. అక్క బోల్టు విప్పింది, తాతయ్య గరుకు కాగితంతో రుద్దాడు, ఇద్దరూ కలిసి మళ్లీ బిగించారు. తక్కిన తప్పులన్నీ ఆ కరెంటు చాలక పుట్టినవే. దీపం మళ్లీ వెలగలేదు. సరుకు వేళకు చేరింది, మిల్లు పని మాకే నిలిచింది.

తిరుగు దారిలో నేనూ నా ఫిర్యాదులన్నీ ఒకసారి తుడిచి చూశాను. మొదట తిరిగొచ్చింది బైకు కాదు, మేడ కాదు. 'నా పులి' అన్న మాట. తక్కినవి దాని వెంట వచ్చాయి.

ఇంటికి చేరగానే, నాకెందుకు నేర్పవని తాతయ్యను నిలదీశాను. చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"నువ్వు ఎన్నడన్న అడిగినవ్‌రా? సేఠ్ మనుమడివి, చేతులకు మసి అంటనియ్యవనుకున్న."

మరునాడు పొద్దున బానెట్ ఎత్తి, ముందుగా నన్నే పిలిచాడు.

ఇప్పుడు మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనే. అసూయ నన్ను వదిలిందని చెప్పను. ఒకప్పుడు మా గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడినవాళ్లు కార్లలో ఎదురైతే కడుపు మండుతుంది. అప్పుడు అన్నీ తుడిచేసి, మొదట ఏది తిరిగొస్తుందో చూస్తాను. చాలాసార్లు అది నేను నోరు తెరిచి ఎవరినీ అడగనిదే అయి ఉంటుంది.

తాతయ్య పోయాక ఆ బండిని అమ్మేశాం. కొన్నది పక్కింటి అక్క.